అద్దె బొమ్మ, సొంత బొమ్మ

సినిమాని ఇంటికి పట్టుకుపోవాలన్న యావ వీడియోతో పుట్టింది కాదు. హాలు బయట పాటల పుస్తకాలు అమ్మిన రోజుల నుంచీ ఉంది. నాసిరకం కాగితం, రంగు అట్ట, లోపల తారాగణం, పాటలు, ముందు పేజీల్లో సగం కథ. హీరో చిక్కుల్లో పడేదాకా చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. నేనెరిగినంతలో ఆ పుస్తకం కొనేది సినిమా చూసి బయటికొచ్చినవాళ్లే. మరి ఆ ఊరింపు ఎవరికోసమో! మా అమ్మ వాటిని వరసగా దారంతో కుట్టి, పెట్టె అడుగున చీరల కింద పెట్టుకుంది. మా ఇంట్లో మొదటి సినిమా లైబ్రరీ అదే.

తర్వాత వెండితెర నవలలు. ముళ్లపూడి వెంకటరమణ లాంటి గట్టి రచయితలు కూడా రాశారు వాటిని. సినిమా ఆడి వెళ్లిపోయాక ఇంట్లో మళ్లీ చూసుకునే దారి చదువుకోవడమొక్కటే. చదవడం రానివాళ్లకి విజయవాడ రేడియో ఉండేది: సంక్షిప్త శబ్దచిత్రం అని మూడు గంటల సినిమాని గంటకు కుదించి సౌండు మాత్రం వేసేవారు. మధ్యలో అనౌన్సరు ఎవరెక్కడికి వెళ్లారో చెప్తుంటే, మిగతాది వినేవాడి కళ్లలో ఆడేది.

వీటన్నిటి కంటే ఎక్కువ ఇళ్లలోకి వెళ్లింది మాటల రికార్డు. 1977 సంక్రాంతికి ‘దానవీరశూరకర్ణ’ వచ్చింది. కొండవీటి వెంకటకవి రాసిన మాటలు రికార్డులుగా, ఆ తర్వాత ఆడియో క్యాసెట్లుగా ఊరూరా తిరిగాయి. పెళ్లి పందిట్లో, హోటళ్లలో, రిక్షా స్టాండు పక్క సోడా బండి దగ్గర సుయోధనుడే. సినిమా చూడనివాడికి కూడా ఆ డైలాగు నోటికొచ్చేది. ఒక విషయం గమనించండి: పాటలు కొన్నాం, మాటలు కొన్నాం, కథ కొన్నాం. బొమ్మ మాత్రం కొనలేదు. కొందామన్నా ఎవరూ అమ్మలేదు.

సరిగ్గా ఆ 1977లోనే, అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఆండ్రే బ్లే అనే వ్యాపారి ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ వాళ్ల దగ్గర 50 సినిమాలకు హక్కులు తీసుకుని, వీడియో క్యాసెట్ల మీద జనానికి అమ్మాడు. ‘ప్యాటన్’, ‘మ్యాష్’ లాంటివి అందులోవి. సోనీ బీటామ్యాక్స్ వచ్చి అప్పటికి రెండేళ్లు, జేవీసీ వీహెచ్‌ఎస్ వచ్చి ఏడాది. అదే ఏడాది లాస్‌ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్సన్ అనే ఆయన ఆ క్యాసెట్లు కొని, షాపు తెరిచి, అద్దెకివ్వడం మొదలెట్టాడు. సినిమా కంపెనీలకు ఒళ్లు మండింది గానీ ఏమీ చేయలేకపోయాయి. అక్కడి చట్టం ప్రకారం ఒకసారి అమ్మిన కాపీ మీద కొన్నవాడిదే పెత్తనం. అమ్ముకుంటాడో, అరువిస్తాడో వాడిష్టం. ఇంట్లో టీవీ కార్యక్రమాన్ని రికార్డు చేసుకుని తర్వాత చూడటం తప్పు కాదని 1984లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చింది, అదీ అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఇంకొక్క జడ్జి అటు మొగ్గితే వీడియో కథ ఎలా తిరిగేదో!

మన దగ్గరికి ఈ సరుకు వేరే దారిన వచ్చింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్, దాంతోపాటు రంగుల టీవీ. గల్ఫు నుంచి సెలవుకొచ్చే కడప, కోనసీమ, కరీంనగర్ కుర్రాళ్ల చేతుల్లో వీసీఆర్. గుమస్తా జీతంతో కొనగలిగే వస్తువు కాదది. అందుకే మన ఊళ్లలో వీడియో కొనుక్కునే వస్తువుగా రాలేదు, టెంటు సామాను లాగా అద్దెకొచ్చింది. టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి. శివరాత్రి జాగారం అంటే సందుకో టీవీ, అరుగు నిండా జనం. మొదట భక్తి బొమ్మ, తర్వాత చిరంజీవి బొమ్మ, తెల్లవారుజామున నిద్ర ఆపడానికి ఏదో ఒక దయ్యాల బొమ్మ.

నేను తెనాలి బోసు రోడ్డులో వీడియో లైబ్రరీ నడిపాను. అప్పట్లో ఇదొక గౌరవమైన యాపారమే. హైదరాబాద్ అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ పెట్టిన రామ్‌గోపాల్ వర్మ 1989లో ‘శివ’ తీశాక మా వాళ్లందరికీ కాలర్లు లేచాయి. మాలో ఇంకెవరూ సినిమా తీయలేదనుకోండి.

క్యాసెట్టు పెట్టె మీద ఈ-180 అని ఉండేది. అంటే 180 నిమిషాలు పడుతుంది. మన తెలుగు సినిమా నిడివికి ఇది అతికినట్టు సరిపోయేది, పౌరాణికాలకు తప్ప. ‘దానవీరశూరకర్ణ’ 226 నిమిషాలు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన పాల్ పద్ధతి టీవీకి 25 కాబట్టి టేపు మీద కొంచెం పరిగెత్తుతుంది. అయినా 217 నిమిషాలు. ఈ-180 మీద పెట్టాలంటే అరగంట పైన కోయాలి. కోసేవాళ్లు ముందు పద్యాల మీద పడేవారు. నా దగ్గర కోయనిది రెండు క్యాసెట్ల సెట్టు ఉండేది. క్యాసెట్టుకు రోజుకు పది రూపాయలు. ఒక రైతు దాన్ని తీసుకుంటూ, “ఒక బొమ్మకి రెండద్దెలేంటి అబ్బాయ్? కర్ణుడికో అద్దె, దుర్యోధనుడికో అద్దెనా?” అన్నాడు. “అవును బాబాయ్, కృష్ణుడు ఉచితం” అన్నాను. రామారావు మూడు వేషాలూ వేశాడు కదా. నవ్వేసి ఇరవై ఇచ్చాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల గోల ఇంకోటి. వాళ్ల టీవీ ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. మా పిన్ని కూతురు ఎడిసన్ వెళ్తూ సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన కుక్కుకుని తీసుకెళ్లిన క్యాసెట్లు అక్కడి వీసీఆర్‌లో పెడితే గీతలు తప్ప ఏమీ రాలేదు. మల్టీసిస్టమ్ డెక్కు కొనాలి, లేదా డబ్బిచ్చి మార్పించుకోవాలి. పైగా అక్కడ మామూలుగా దొరికే టీ-120 టేపు మంచి క్వాలిటీలో రెండు గంటలకే అయిపోతుంది. తెలుగు సినిమా పట్టాలంటే స్పీడు తగ్గించి రికార్డు చేయాలి, బొమ్మ మసకబారుతుంది. పచారీ కొట్టులో బియ్యం బస్తాల వెనక అద్దెకు పెట్టిన క్యాసెట్లలో వాళ్లు చూసింది ఆ మసక తెలుగే.

మా సరుకు మహా స్వచ్ఛమని చెప్పను. ఆ కాలంలో సినిమా విదేశీ వీడియో హక్కులు అమ్మితే, దుబాయ్‌కో సింగపూర్‌కో వెళ్లిన క్యాసెట్టు తిరిగొచ్చి ఊళ్లలో పిల్లలు పెట్టేది. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, క్యాసెట్టు మీద హక్కుదారు పేరు, సెన్సారు సర్టిఫికెట్టు వివరాలు ఉండాలన్నారు. ఆ ముద్ర ఉన్నదాన్ని మేం ‘ఒరిజినల్’ అనేవాళ్లం. ఒరిజినల్లోనూ సుఖం లేదు. సినిమా ఆడుతుండగా తెర కింద భాగంలో బట్టల కొట్టు ప్రకటన నడిచేది. సావిత్రి ఏడుస్తుంటే ఆమె గడ్డం కింద నుంచి పంచెల ధర వెళ్లిపోయేది.

ఇంకో నష్టం చాలామంది గుర్తించలేదు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో సినిమాస్కోపు వచ్చింది. ఆ వెడల్పు బొమ్మని అప్పటి టీవీ నిండా పరిస్తే రెండు పక్కలా కలిపి నూటికి నలభై పాళ్లకు పైగా తెగిపోతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీనులో రెండు ముక్కులు కనిపించేవి, మధ్యలో గోడ. ఒక తరం మొత్తం అలాంటి తెగిన బొమ్మలనే సినిమాలనుకుని పెరిగింది.

టేపుకు ఆయుష్షు తక్కువ. కోస్తా గాలిలో తేమకు రీలు అంచున తెల్లటి ఫంగస్ పట్టేది. దాన్ని డెక్కులో పెడితే హెడ్డుకు అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టునూ పాడుచేసేది. స్పిరిట్టుతో హెడ్డు తుడవడం మా రోజువారీ పూజ. ఇలాంటి వస్తువుని ఇంట్లో దాచుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? పెళ్లి క్యాసెట్టు దాచుకున్నారు గానీ సినిమా క్యాసెట్టు కొని బీరువాలో పెట్టుకున్నవాణ్ణి మా ఊళ్లో నేనెరగను. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చి రోజూ సినిమాలు వేయడం మొదలెట్టాక అద్దె కూడా దండగైంది. మా యాపారానికి అక్కడ నీళ్లు వదిలినట్టే.

వీసీడీ మమ్మల్ని ఇంకొన్నాళ్లు బతికించింది. మామూలు పాటల సీడీ లాంటిదే, దాని మీద 74 నిమిషాల బొమ్మ. 1993లో పుట్టిన పద్ధతి. చైనా ప్లేయర్లు చవకగా దిగాక ఈ శతాబ్దం మొదట్లో మన ఇళ్లలో నిండిపోయింది. బొమ్మ వీడియో టేపు కంటే గొప్పగా ఏం ఉండదు, వాన సీనుల్లో గళ్లు గళ్లుగా విరిగిపోయేది కూడా. కానీ రివైండ్ లేదు, ఫంగస్ లేదు, పుస్తకం లాగా అరలో నిలబడుతుంది. మామూలు సినిమాకు రెండు డిస్కులు, పాతవాటికి మూడు. డిస్కు మార్చాల్సిన చోటు ఇంటర్వెల్‌కి ఎప్పుడూ కుదరదు. పాట రెండో చరణంలో ఆగిపోయి, ఎవరు లేచి మార్చాలా అని ఇంట్లో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

డీవీడీ జపాన్‌లో 1996 చివర్లో, అమెరికాలో 1997లో వచ్చింది. ఒక పొర డిస్కులో 4.7 జీబీ, రెండు పొరలైతే 8.5 జీబీ. మొత్తం సినిమా ఒక్క డిస్కులో, స్కోపు బొమ్మ స్కోపుగానే, కింద సబ్‌టైటిళ్లు. అయితే ప్రపంచాన్ని ముక్కలు చేసి రీజియన్లని పెట్టారు: అమెరికాది 1, మనది 5. అక్కడ కొన్న హాలీవుడ్ డిస్కు ఇక్కడి ప్లేయరు పుచ్చుకోదు. తెలుగు డిస్కుల మీద చాలావరకు ఈ తాళం వేసేవారు కాదు. అవి బతికేదే విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల మీద కాబట్టి, ఎక్కడైనా ఆడాలి. కొత్త తెలుగు సినిమాల మంచి డీవీడీలు ముందు అమెరికాలోనే అమ్మకానికి వచ్చేవి. మా పిన్ని కూతురు ఈసారి ఎదురు సూట్‌కేసులో నాకు తెలుగు సినిమాలు తెచ్చింది.

ఇక్కడ డీవీడీ వందల్లో పలికేది. అప్పుడు దిగింది మోజర్ బేర్. ఖాళీ సీడీలు చేసే ఫ్యాక్టరీ కంపెనీ, సినిమా హక్కులు మూకుమ్మడిగా కొని, 2007 ప్రాంతంలో వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. హిందీతోపాటు తెలుగూ వేసింది. ఆ ధర చూసి నేను మొదట నమ్మలేదు. దొంగ డిస్కు ధరకే అసలు డిస్కు! కవరు పల్చగా ఉంటుంది, లోపల సినిమా గురించి ఒక్క ముక్క ఉండదు, కానీ బొమ్మ నీది. బస్టాండు పుస్తకాల కొట్టులో, మందుల షాపు కౌంటరు మీద, సూపర్‌బజారులో సబ్బుల పక్కన సినిమాలు. నా అభిప్రాయం ఏమిటంటే, తెలుగు మధ్యతరగతి ఇల్లు సినిమాని నిజంగా కొనుక్కున్న కాలం ఆ కొద్ది ఏళ్లే. అంతకు ముందు అద్దె, ఆ తర్వాత మళ్లీ అద్దె. ఇంటర్నెట్టు దెబ్బకు డిస్కుల అమ్మకం కూలిపోయింది, ఆ కంపెనీ కూడా 2018లో దివాలా తీసి మూతపడింది.

నేనప్పటికి షాపు మూసేశాను. అలవాటు పోలేదు గనక, అమ్మేవాణ్ణి కొనేవాణ్ణయ్యాను. ఊళ్లో ఒక్కో లైబ్రరీ మూతపడుతుంటే వెళ్లి మిగిలిన డిస్కులు బేరమాడి తెచ్చుకున్నాను. వయసులో ఉన్న బంధువులు నన్ను చూసి జాలిపడ్డారు. “యూట్యూబులో ఉంది కదా మావయ్యా” అంటారు. ఉంది. హక్కుదార్లే పాత సినిమాలు వందల కొద్దీ పెట్టారు, వాళ్లకు దణ్ణం పెట్టాలి. కానీ హక్కులు చేతులు మారినప్పుడు వీడియో మాయమౌతుంది, లేదా పాట లేకుండా వస్తుంది. నాలుగు మూలల్లో కంపెనీ ముద్రలు సరేసరి.

‘మాయాబజార్’ సంగతే చూడండి. 1957 నాటి నలుపు తెలుపు బొమ్మకు హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ వాళ్లు రంగులద్ది, స్కోపుకు సాగదీసి, సౌండు డీటీఎస్‌కు మార్చి 2010లో విడుదల చేశారు. ఎంతో కష్టపడి చేసిన పని, హాల్లో చూసి నేనూ చప్పట్లు కొట్టాను. అయితే చదరపు బొమ్మని వెడల్పు చేయాలంటే పైనో కిందో తెగాల్సిందే. మార్కస్ బార్ట్లే కెమెరా పెట్టిన ఫ్రేము, ఆ వెన్నెల, నాకు నలుపు తెలుపులోనే కావాలి. నా దగ్గర రెండూ ఉన్నాయి. ఏది ఎప్పుడు చూడాలో నేను నిర్ణయించుకుంటాను, టీవీ చానెలు కాదు.

డిజిటల్‌గా కొనొచ్చు కదా అంటారా? ఆపిల్ వాళ్లు అమెరికాలో 2006 నుంచి సినిమాలు అమ్ముతున్నారు, 2012 డిసెంబరు నుంచి మన దేశంలోనూ. గూగుల్ కూడా అమ్ముతోంది. కొన్నాను కొన్ని. నాకు కావలసిన పాత తెలుగు అక్కడ బహు తక్కువ. పైగా అక్కడ ‘కొను’ మీద వేలు పెడితే చేతికొచ్చేది సినిమా కాదు, వాళ్ల దగ్గరున్నంత కాలం చూసుకునే అనుమతి. హాలీవుడ్ కంపెనీలే కలిసి 2011లో అల్ట్రావయొలెట్ అని ఒక డిజిటల్ బీరువా పెట్టాయి; డిస్కు కొన్నవాళ్లు కోడ్ నొక్కి సినిమాని అందులో దాచుకునేవారు. 2019 జులై 31న దాన్ని మూసేశారు. వేరే దుకాణానికి ఖాతా ముడివేసుకున్నవాళ్లు చాలావరకు బయటపడ్డారు. ఇలాంటివి చూశాకే కాబోలు, లైసెన్సు మాత్రమే ఇస్తూ ‘కొను’ అనే మాట వాడితే ఆ సంగతి కొనేవాడికి విడమరిచి చెప్పాలని కాలిఫోర్నియా చట్టం చేసింది, 2025 జనవరి 1 నుంచి అమలు. మన దగ్గర అలాంటి చట్టం వస్తే బాగుండు. ఆ మాటకొస్తే నా పాత షాపు బోర్డు నిజాయితీగానే ఉండేది: అద్దెకు ఇవ్వబడును.

అందుకని డిస్కులన్నీ ఇంట్లోనే కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. మా మేనల్లుడు ఒక పాత కంప్యూటరుకు రెండు పెద్ద హార్డ్‌డిస్కులు తగిలించి, జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసిచ్చాడు. 2018 చివర్లో కొందరు ప్రోగ్రామర్లు ఎంబీ అనే దానినుంచి విడిపోయి చేసుకున్నది. దీనికి ముందువాళ్లలో పెద్ద తలకాయ ‘కోడి’ అనే సాఫ్ట్‌వేరు. 2000 తొలి ఏళ్లలో మైక్రోసాఫ్ట్ ఆటల పెట్టె మీద సినిమాలు ఆడించడానికి పుట్టింది. ఇప్పుడు హాల్లో టీవీలో, లోపల గదిలో ఫోనులో, మా ఆవిడ వంటింట్లో పెట్టుకున్న ట్యాబ్‌లో నా షాపే ఆడుతోంది, రిజిస్టరు లేకుండా.

పని మాత్రం తక్కువ కాదు. డీవీడీ ఎక్కించడం తేలిక. వీసీడీ ముక్కల్ని అతికించాలి. వీడియో టేపుకు అడ్డదారి లేదు, మూడు గంటల టేపు ఎక్కడానికి మూడు గంటలూ ఆడాల్సిందే. పేర్లు పెట్టడం దగ్గర ఇంకో తంటా. ‘దేవదాసు’ అని పెడితే 1953 అక్కినేని బొమ్మకు 2006 కుర్రాడి పోస్టరు తగిలించింది. 1974లో విజయనిర్మల తీసిన కృష్ణ దేవదాసు కూడా ఉన్నాడు. పేరు పక్కన ఏడాది వేస్తే గానీ ఎవరి పార్వతి ఎవరికో తేలలేదు. ఒక టీబీ హార్డ్‌డిస్కులో రెండు పొరల డీవీడీలు నిండుగా ఉన్నవైతే వంద దాటి పడతాయి. అంటే నా షాపు గోడ ఒకటి అరచేతిలోకి వచ్చింది. హార్డ్‌డిస్కూ చస్తుంది గనక ప్రతిదీ రెండు కాపీలు, రెండోది మా మేనల్లుడి ఇంట్లో.

ఇది చట్టానికి ఎటువైపు అని ఒక లాయరు మిత్రుణ్ణి అడిగాను. సొంత వాడకానికి మన కాపీరైట్ చట్టంలో కొంత చోటుందనీ, తాళాలు పగలగొట్టడం మీద 2012లో ఒక సెక్షను చేర్చారనీ, అందులో శిక్ష హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశం ఉన్నవాళ్లకనీ చెప్పాడు. బయటివాళ్లకి కాపీలు పంచకు, అమ్మకు అన్నాడు. పంచను, అమ్మను. అద్దెకైతే అసలివ్వను.

ఇదంతా ముసలివాడి కాలక్షేపం అనేవాళ్లకి ఒకటి చెప్తాను. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ ఇవాళ చూద్దామంటే లేదు. హెచ్.ఎం. రెడ్డి తీసిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు. పూనాలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అప్పటికే ఎన్నో ప్రింట్లు పాడై పోయాయి. ఆ రోజుల్లో ఏ జమీందారు బీరువాలోనో ఒక కాపీ ఉండి ఉంటే అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ప్రస్తుతం ‘లవకుశ’ దగ్గర ఆగిపోయాను. 1958లో మొదలెట్టి, డబ్బు చాలక ఆగి, సి. పుల్లయ్య వదిలేస్తే కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేసి, 1963లో విడుదలైన బొమ్మ. పూర్తి నిడివి రంగుల్లో వచ్చిన మొదటి తెలుగు సినిమా. 208 నిమిషాలు, అంటే వీసీడీలైతే మూడు. తర్వాత కొన్న డీవీడీలో ఒకటి రెండు పద్యాలు ఎగిరిపోయాయి గనక ఆ పాత వీసీడీ సెట్టే కావాలి. నా దగ్గర ఒకటో డిస్కు, మూడో డిస్కు ఉన్నాయి. రెండోది షాపు మూసే రోజుల్లో ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదు. తెనాలి చుట్టుపక్కల ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే చెప్పండి. కవరు లేకపోయినా ఫర్వాలేదు, గీతలు మరీ లోతుగా ఉండకపోతే చాలు. ఇన్నేళ్ల అద్దె లెక్క కట్టనని మాటిస్తున్నాను.